మోటారుకారు పెట్రోలు ముల్లు: దాని దోషములు, వానిని బాగుచేయు విధము

కలిగిరినుండి కావలికి గాని, వింజమూరునకు గాని, ఉదయగిరికి గాని పోవు దారులలో ఊరికిని ఊరికిని నడుమ మెట్టచేలును తుమ్మచెట్లును దప్ప వేఱేమియు కానరాని తావులు పెక్కులు కలవు. పగటివేళ అట్టి తావున బండి నిలిచినయెడల దారిని బోవువారెవరైన తోడగుదురు. చీకటివేళ నిలిచినచో తోడెవరు? కావున మన ప్రాంతమున మోటారుకారు నడుపువారికి పెట్రోలు ఎంత యున్నదో తెలుపు ముల్లు చిన్న వస్తువు కాదు. అది నిజము చెప్పినచో బండి ఊరు చేరును. అబద్ధము చెప్పినచో నడుదారిలో నిలుచును.

గడచిన వేసవిలో జరిగిన సంగతి యొకటి మమ్ము ఈ వ్యాసము వ్రాయుటకు పురికొల్పినది. మా పొరుగున నొక గృహస్థుని యొద్ద తండ్రినాటి అంబాసిడరు కారు కలదు. మన పాఠశాలలో పదవ తరగతి ముగించిన యొక బాలికను ప్రవేశపరీక్షకై నెల్లూరు చేర్చుటకు ఆయన తెల్లవాఱకమునుపే బయలుదేఱెను. బాలికయు ఆమె తండ్రియు వెనుక కూర్చుండిరి. ముల్లు సగము టాంకీ చూపుచుండెను. సుమారు పది కిలోమీటర్లు పోవునప్పటికి బండి రెండు మూడు కుదుపులిచ్చి ఆగిపోయెను. బానెటు తీసి చూచిరి, తీగలు కదపి చూచిరి, ఏమియు తోచలేదు. ముల్లు సగమున నిలిచియే యుండుటచే పెట్రోలు అయిపోయినదను తలంపు ఎవరికిని కలుగలేదు. తుదకు ఆ దారిని వచ్చిన పాలబండివాడు టాంకీ మూత తీయించి, కారును ఊపి, చెవియొగ్గి విని, "దీనిలో చుక్క లేదన్నా!" అనెను. ఆ పాలబండియే తండ్రిని కూతురిని బస్సుదారికి చేర్చెను. పరీక్షామందిరపు తలుపులు మూయుటకు పది నిమిషములు మాత్రమే యుండగా ఆ బాలిక లోనికి పోగలిగెను. ఒక సంవత్సరపు చదువు ఒక ముల్లు పాలు కావలసినది, కాలేదు.

ఆ గృహస్థుడు తరువాత బండిని మరమ్మతునకు పంపగా, అచటివారు ముల్లుగల గడియారమునే తీసివేసి, అట్టిదే మఱియొకటి తెప్పించి బిగించిరి. డబ్బు ఖర్చయ్యెను. క్రొత్త ముల్లు గూడ సగముననే నిలిచెను! అప్పు డాయన మా యొద్దకు వచ్చి, "అయ్యవారూ, మీరు పిల్లలకు కరెంటు పాఠములు చెప్పుదురు గదా, ఈ ముల్లు సంగతి యేమో చూడరాదా?" అని యడిగెను. మేమును, పై తరగతి పిల్లలు నలుగురును, పరీక్ష వ్రాసి వచ్చిన ఆ బాలికయు కలసి రెండు ఉదయములు ఆ కారు చుట్టు తిరిగితిమి. అందు మేము తెలిసికొన్నదానిని చదువరులకు ఉపయోగపడునట్లు ఇచట వివరించుచున్నాము.

ముల్లు దేనిని కొలుచును?

మొదట నొక సంగతి గ్రహింపవలయును. డ్రైవరు ముందఱ అద్దము వెనుక కదలు ముల్లు పెట్రోలును చూడదు, తాకదు. దానికి తెలియునది తనలో పాఱు విద్యుత్ప్రవాహ మొక్కటియే. పెట్రోలు మట్టమును వేఱొక పరికరము కనిపెట్టి, ప్రవాహరూపమున ముల్లునకు వార్త పంపవలయును.

ఆ పరికరము టాంకీలో నుండును. సన్నని యినుపకడ్డీ చివర ఒక బోలు బుడ్డి యుండును. దీనినే మెకానిక్కులు ఫ్లోటు అందురు. పెట్రోలు హెచ్చినకొలది ఫ్లోటు పైకి తేలును, తగ్గినకొలది క్రిందికి దిగును. కడ్డీ రెండవ కొన ఒక ఇరుసుపై తిరుగును. ఆ ఇరుసుతోపాటు ఒక చిన్న లోహపు నాలుక తిరుగుచు, చుట్టలు చుట్టిన నిరోధపు తీగపై ఒరసికొని జరుగును. నాలుక ఒక వైపునకు జరిగినచో ప్రవాహము తక్కువ తీగగుండ పోవును, రెండవ వైపునకు జరిగినచో ఎక్కువ తీగగుండ పోవును. తీగ పొడవైనకొలది నిరోధము హెచ్చును. నిరోధము హెచ్చినకొలది ప్రవాహము తగ్గును. జర్మనీ దేశీయుడైన జార్జి సైమన్ ఓం 1827లో ప్రకటించిన సూత్రమును పిల్లలు పుస్తకములో వల్లించుచునే యున్నారు. ఆ సూత్రమే ప్రతి పాతకారు టాంకీలోను పనిచేయుచున్నది.

ఇక ప్రవాహము నడచు బాటను చూతము. బ్యాటరీనుండి తాళపు స్విచ్చి, అచటినుండి ఫ్యూజు, అచటినుండి ముల్లుగల గడియారము, అచటినుండి పొడవైన తీగ వెంబడి వెనుకనున్న టాంకీ, టాంకీలోని నిరోధపు తీగ, టాంకీ యినుము, కారు శరీరము, మరల బ్యాటరీ. కారు శరీరముగుండ తిరిగివచ్చు ఈ దారినే ఎర్తు అందురు. ఈ బాటలో ఎచట తీగ తెగినను, ఎచట త్రుప్పు పట్టినను, ఎచట అడ్డదారి యేర్పడినను ముల్లు తప్పు చెప్పును. తప్పు చెప్పినది ముల్లే కాని, తప్పు చేసినది ముల్లు కానక్కఱలేదు. వార్త తెచ్చినవానిని దండించినందువలన వార్త మాఱదు. పై మరమ్మతులో జరిగిన పొరపాటు ఇదియే.

ముల్లులు రెండు జాతులు

పరీక్షకు పూనుకొనుటకు ముందు మన కారులోని ముల్లు ఏ జాతిదో తెలిసికొనవలయును. ఏలయన ఒకే పరీక్షకు రెండు జాతులును సరిగా వ్యతిరేకమైన సమాధానముల నిచ్చును.

మొదటిది అయస్కాంతపు ముల్లు. దీనిలో రెండు తీగచుట్టలుండును. ఒకటి ముల్లును ఖాళీవైపునకు, రెండవది నిండువైపునకు లాగును. బ్రిటిషు కార్లలో ఈ జాతి పరికరమున టాంకీ ఖాళీయైనప్పుడు నిరోధము సున్నకు దగ్గఱగా నుండును. అప్పుడు ప్రవాహము నిండువైపు చుట్టను విడిచి సులభమార్గమున టాంకీగుండ పోవును, ముల్లు ఖాళీ చూపును. కనుక టాంకీ యొద్ద తీగను ఊడదీసినచో ఈ ముల్లు నిండుకొసకు పోవును. ఆ తీగను కారు శరీరమునకు తాకించినచో ఖాళీకి పోవును.

రెండవది వేడి ముల్లు. దీనిలో రెండు లోహములను అదికి చేసిన బద్ద యుండును. వేడి తగిలినప్పుడు ఒక లోహము ఎక్కువగను రెండవది తక్కువగను సాగుటచే బద్ద వంగును. బద్దపై చుట్టిన సన్నతీగలో ప్రవాహము హెచ్చినచో వేడి హెచ్చును, బద్ద వంగును, ముల్లు లేచును. ఇందు టాంకీ నిండియున్నప్పుడే నిరోధము తక్కువ. బ్రిటిషు పద్ధతి పరికరములలో నిండుటాంకీకి సుమారు 20 ఓములును, ఖాళీటాంకీకి సుమారు 240 ఓములును ఉండును. తీగ ఊడదీసినచో ఈ ముల్లు ఖాళీకి పోవును. శరీరమునకు తాకించినచో నిండునకు పోవును.

జాతిని కనుగొను ఉపాయము సులభము. తాళము త్రిప్పగానే ముల్లు చటుక్కున లేచి, గతుకులలో అటునిటు ఊగినచో అది అయస్కాంతపుది. తాళము త్రిప్పిన తరువాత నిద్ర లేచినట్లు మెల్లమెల్లగా పైకి వచ్చినచో అది వేడిది. వేడి ముల్లు మందకొడిది యగుటయే మేలు. మన దారుల గతుకులకు టాంకీలో పెట్రోలు ఎంత అల్లలాడినను అది చలింపక సగటును చూపును.

వేడి ముల్లుగల బండ్లలో స్టెబిలైజరను చిన్న డబ్బీ యొకటి యుండును. బ్యాటరీ 12 వోల్టులని పేరేగాని, బండి నడచునప్పుడు అది 14 దాక పోవును. ఆ హెచ్చుతగ్గులు ముల్లునకు తగులకుండ ఈ డబ్బీ సగటున 10 వోల్టులు మాత్రమే పంపును. నీటివేడిని చూపు ముల్లునకును పెక్కు బండ్లలో ఇదియే ఆధారము. కావున పెట్రోలు ముల్లును వేడి ముల్లును రెండును ఒకేసారి తప్పు చెప్పినచో మొదట అనుమానింపవలసినది ఈ డబ్బీనే. దానికి ఎర్తు సరిగా లేనిచో రెండు ముల్లులును ఉన్నదానికంటె ఎక్కువ చూపును.

మఱియొక హెచ్చరిక. ఒక దేశపు ముల్లునకు మఱియొక దేశపు ఫ్లోటు పొసగదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారి పాత బండ్లలో ఖాళీకి సున్న, నిండునకు 90 ఓములు. ఫోర్డు వారి పాత బండ్లలో ఖాళీకి సుమారు 73, నిండునకు సుమారు 10. అంగడిలో దొరకినదానిని తెచ్చి బిగించినచో రెండును మంచివే యైనను ముల్లు అబద్ధమే చెప్పును.

పరీక్షించు వరుస

దోషమును వెదకువాడు బాటను రెండుగా ఖండించి, ఏ సగము మంచిదో తేల్చుకొనుచు పోవలయును. సులభమైనది ముందు, కష్టమైనది వెనుక. పాతకార్లకు ఈ క్రింది వరుస చాలును.

మొదటిది: తాళము త్రిప్పి తక్కిన ముల్లులును దీపములును పనిచేయుచున్నవేమో చూడవలయును. అన్నియు చచ్చియున్నచో ఫ్యూజును చూడవలయును.

రెండవది: తాళము మూసి, టాంకీ యొద్ద తీగను ఊడదీసి, దాని కొన దేనికిని తగులకుండ టేపు చుట్టి, అప్పుడు తాళము త్రిప్పవలయును. వేడి ముల్లు ఖాళీకి దిగవలయును. దిగనిచో తీగ ఎచటనో పైతొడుగు అరిగి కారు శరీరమునకు తగులుచున్నదన్నమాట.

మూడవది: తాళము మరల మూసి, టాంకీకి దూరముగా, రంగులేని శుభ్రమైన యినుమునకు ఆ తీగకొనను క్లిప్పుతో గట్టిగా తగిలించి, అప్పుడు తాళము త్రిప్పవలయును. నేరుగా తగిలించుటకంటె నడుమ 20 ఓముల నిరోధము నుంచుట మేలు. ముల్లునకు దెబ్బ తగులదు. వేడి ముల్లు పైకి లేచి నిండునకు చేరవలయును. చేరగానే తాళము మూయవలయును. ఇట్లు లేచినచో గడియారము మంచిది, స్టెబిలైజరు మంచిది, తీగ మంచిది. దోషము టాంకీవైపున నున్నది. లేవనిచో ఇదే పరీక్షను గడియారము వెనుక చేయవలయును. అచట లేచినచో నడుమ తీగ తెగినది. అచటను లేవనిచో దోషము గడియారమున గాని, దానికి వచ్చు ప్రవాహమున గాని యున్నది.

అయస్కాంతపు ముల్లునకు రెండవ, మూడవ పరీక్షలలో ఖాళీ యన్నచోట నిండు, నిండు అన్నచోట ఖాళీ అని చదువుకొనవలయును. దానికి నడుమ నిరోధము పెట్టరాదు.

తీగను తగిలించుటయు ఊడదీయుటయు ఎల్లప్పుడును తాళము మూసియే చేయవలయునని పిల్లలకు పదేపదే చెప్పితిమి. ప్రవాహమున్న తీగను తాకించినప్పుడు పుట్టు మిణుగురు కంటికి చిన్నది. పెట్రోలు ఆవిరికి అది చాలును.

ఈ పరీక్షలన్నియు పాతకార్లకు మాత్రమే. కంప్యూటరు ద్వారా ముల్లు నడచు నేటి కార్లలో తీగలను ఇట్లు తాకింపరాదు.

మా అంబాసిడరులో ముల్లు మెల్లగా లేచుటచే అది వేడి జాతిదని తెలిసెను. తీగ ఊడదీయగా ఖాళీకి దిగెను. తగిలింపగా నిండునకు లేచెను. అనగా క్రొత్త ముల్లు మంచిదే; తీసివేసిన పాతముల్లును మంచిదే యైయుండును. ఈ పరీక్షకు పట్టిన కాలము పది నిమిషములు, ఖర్చు సున్న.

టాంకీ విప్పుటకు ముందు

టాంకీ విప్పుట పిల్లల పని కాదు. ఆ పని ఒక అనుభవశాలియైన మెకానిక్కు చేయగా, పిల్లలు దూరముననుండి చూచిరి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక, నేలవెంబడి ప్రాకి గోతులలో నిలుచును. గాలిలో నూటికి సుమారు ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్లవఱకు ఆ ఆవిరి కలసినచో మిణుగురు తగులగనే మండును. అందుచే నిండుటాంకీకంటె ఖాళీటాంకీయే భయంకరమైనది. దానిలో ద్రవము లేదుగాని ఆవిరియు గాలియు కలసి యుండును. అగ్గిపుల్ల వెలిగించి టాంకీలోనికి తొంగిచూచుట, ఖాళీటాంకీని వెల్డింగునకు పెట్టుట ప్రాణములతో చెలగాటము.

మేము పాటించిన నియమము లివి. ఎండ ముదురకమునుపే, నాలుగువైపుల గాలి తగులు బయలున, వేపచెట్టు నీడలో పని పెట్టితిమి. గుంటలో గాని మూసిన షెడ్డులో గాని చేయలేదు. బ్యాటరీ తీగను మొదటనే ఊడదీయించితిమి. బీడీ చుట్ట కాల్చువారిని, ఫోనులు చేతబట్టినవారిని దూరముగా నుంచితిమి. పొడి రసాయనపు అగ్నిమాపకమును చేరువ నుంచితిమి. టాంకీలో పెట్రోలు పావువంతునకు తగ్గియుండగా మాత్రమే పని మొదలుపెట్టించితిమి. ఫ్లోటు బిళ్ల చుట్టునున్న దుమ్మును మొదట తుడిపించితిమి. లేనిచో ఆ మన్ను టాంకీలో పడి పెట్రోలు గొట్టమునకు అడ్డుపడును. బిగుసుకొన్న చుట్టును ఇనుపసుత్తితో కొట్టక కఱ్ఱమేకుతో త్రిప్పించితిమి.

మేము కనుగొన్న మొదటి దోషము

ఫ్లోటును వెలికి తీయగానే కారణము కంటబడెను. కడ్డీ సగమెత్తున బిగుసుకొని యుండెను. వ్రేలితో నొక్కినను కదలలేదు. ఆ కారు అంతకు ముందు చాలనెలలు కదలక పడియుండెనట. నిలువయున్న పెట్రోలులోని తేలిక భాగము ఆవిరియై పోగా, మిగిలినది బంకవంటి పదార్థమై ఇరుసు చుట్టు అంటుకొనెను. పెట్రోలు వచ్చినను పోయినను కడ్డీ కదలదు. ముల్లు సగమును విడువదు.

మెత్తని గుడ్డతోను, మెత్తని కుంచెతోను ఆ బంకను తుడిచి, ఇరుసును మెల్లగా కదపగా కడ్డీ తన బరువుతో తానే దిగునంత సులువుగా కదలెను. నిరోధపు తీగను ఉప్పుకాగితముతో రుద్దరాదు; ఆ తీగ వెండ్రుకవలె సన్నము, ఒక్క చుట్ట తెగినను అచట ముల్లు తటాలున పడిపోవును. కడ్డీని మెల్లగా ఎత్తుచు దింపుచు మల్టీమీటరుతో చూచితిమి. నిరోధము ఎచటను తెగక 20నుండి 240దాక వరుసగా మాఱుచుండెను.

ఈ సందర్భమున ఫ్లోటునకు వచ్చు తక్కిన జబ్బులనుగూడ చెప్పుట మంచిది. ఇత్తడి ఫ్లోటునకు సన్నని చిల్లి పడినచో లోనికి పెట్రోలు చేరి అది మునిగిపోవును; టాంకీ నిండియున్నను ముల్లు ఖాళీ చూపును. చెవియొద్ద ఊపినచో లోపల గలగల వినబడును. లోపల ఏమియు వినబడనిచో వేడినీటిలో ముంచి చూడవచ్చును; చిల్లియున్నచో బుడగలు వచ్చును. పెట్రోలు చేరిన ఫ్లోటును కాల్చి అతుకుపెట్టుటకంటె మార్చుటయే క్షేమము. బిళ్ల క్రింది రబ్బరుచుట్టునుగూడ మార్చవలయును. 2025 నాటికి మన దేశమున నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు అంతటను వ్యాపించెను. ఇథనాలు పాత రబ్బరును చెఱచును, తేమను పీల్చుకొనును. కావున దానికి తట్టుకొను రబ్బరునే కొనవలయును.

రెండవ దోషము మొదటిదానిచాటున దాగియుండుట

అన్నియు బిగించి, ఖాళీటాంకీలో పెట్రోలు పోయుచు ముల్లును గమనించితిమి. అడుగున ముల్లు సరిగానే పలికెను. అంబాసిడరు టాంకీలో సుమారు 54 లీటర్లు పట్టును. అంచుదాక పోయించినను ముల్లు ముప్పాతికకు మించలేదు. మెకానిక్కు "పాతబండికి ఇంతమాత్రము చాలునండి" అనెను. యజమానియు సరేననెను. అప్పుడు పరీక్షకు పోయి వచ్చిన ఆ బాలిక, "అయ్యవారూ, అడుగున నిజము చెప్పునది పైన అబద్ధమేల చెప్పవలయును?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మేమును వెంటనే సమాధానము చెప్పలేక నేలమీద పుల్లతో లెక్క వేసితిమి.

లెక్కకొఱకు ముల్లుగల గడియారపు నిరోధము 60 ఓములని అనుకొందము. స్టెబిలైజరు 10 వోల్టులు పంపును. టాంకీ నిండియున్నప్పుడు మొత్తము నిరోధము 80. ప్రవాహము 125 మిల్లియాంపియరులు. ఖాళీయైనప్పుడు మొత్తము 300, ప్రవాహము 33. ఇప్పుడు దారిలో ఎచటనో త్రుప్పువలన 10 ఓములు అదనముగా చేరినవనుకొందము. నిండుటాంకీకి మొత్తము 90 కాగా ప్రవాహము 111కు పడిపోవును. అనగా 14 తగ్గును. ఖాళీటాంకీకి మొత్తము 310 కాగా ప్రవాహము 32; అనగా ఒక్కటియే తగ్గును. అదే 10 ఓముల త్రుప్పు అడుగున కంటికి కానరాదు. పైన ముల్లును ముప్పాతికకు దింపును!

వెంటనే బ్యాటరీ తీగను ఊడదీయించి, ఫ్లోటు బిళ్లకును కారు శరీరమునకును నడుమ మల్టీమీటరు పెట్టి చూచితిమి. ఒక ఓమునకు లోపుగా నుండవలసిన చోట సుమారు 10 ఓములు చూపెను. టాంకీని బిగించిన మరల క్రింద త్రుప్పు పేరుకొని ఎర్తు దారిని ఇఱుకు చేసినది. ఇంతకాలము ఫ్లోటు బిగుసుకొని యుండుటచే ఈ దోషము బయటపడలేదు. బిళ్ల మరక్రిందనుండి కారు శరీరమునకు ఒక మూర తీగను వేఱుగా వేయించి, రెండు కొనలయొద్దను ఇనుము మెఱయునట్లు గీకించి బిగించితిమి. బ్యాటరీని కలిపి తాళము త్రిప్పగా ముల్లు మెల్లగా లేచి ముప్పాతికను దాటి నిండుగీతపై నిలిచెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మొత్తము ఖర్చు ఒక రబ్బరుచుట్టు, ఒక మూర తీగ, మెకానిక్కు కూలి.

ముల్లు బాగైన తరువాతను

ముల్లు బాగైనదని దానిని గ్రుడ్డిగా నమ్మరాదు. టాంకీ ఆకారము సమముగా నుండదు. ఫ్లోటు నిలువుగా గాక వంపుగా కదలును. ఉదయగిరివైపు కొండదారుల ఎక్కుడులో పెట్రోలు ఒకవైపునకు ఒరగును. కనుక ముల్లు చూపు సగము నిజమైన సగము కాకపోవచ్చును. టాంకీ గొంతు తిన్నగా నున్న బండ్లలో ఎండిన వెదురుబద్దతో కొలకఱ్ఱ చేసికొనవచ్చును. ఖాళీటాంకీలో ఐదేసి లీటర్లు పోయించుచు, ప్రతిసారి బద్దను ముంచి తడి యెంతవఱకు వచ్చినదో గాటుపెట్టవలయును. గొంతు వంకరగా నున్న బండ్లలో టాంకీ నింపినప్పుడెల్ల కిలోమీటర్ల లెక్కను చిన్న పుస్తకములో వ్రాసికొనుట మేలు.

కొలకఱ్ఱ యున్నంతమాత్రమున చాలదు. లెక్కయు సరిగా నుండవలయును. 1983 జూలై 23వ తేదీన కెనడా దేశమున ఎయిర్ కెనడావారి బోయింగు 767 విమానమునకు ఇంధనము చూపు యంత్రము చెడియుండెను. అందుచే టాంకీలను కొలకఱ్ఱలతో కొలిచి లెక్క కట్టిరి. ఆ దేశము అప్పుడే పౌనుల లెక్కనుండి కిలోగ్రాముల లెక్కకు మాఱుచుండెను. కావలసినది 22,300 కిలోగ్రాములు. లెక్కలో పౌనుల గుణకము పడుటచే విమానములో నున్నది 22,300 పౌనులే, అనగా సగమునకును తక్కువ. నడుదారిలో గాలిలో నుండగనే యంత్రములు ఆగిపోయెను. విమానచోదకులు దానిని గాలిలో జార్చుకొనుచు గిమ్లీ యను ఊరియొద్ద విడిచిపెట్టబడిన పాత విమానాశ్రయమున దింపగలిగిరి. అందున్న 69 మందిలో ఒక్కరును చనిపోలేదు. అంత పెద్ద విమానమునకైనను, మన కలిగిరి అంబాసిడరునకైనను నియమ మొక్కటియే: సూచిక చెడినప్పుడు వేఱొక కొలత కావలయును, ఆ కొలతకు సరియైన ప్రమాణము కావలయును.

అంబాసిడరు కారు ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి ననుసరించి హిందుస్థాన్ మోటార్స్ వారిచే బెంగాలునందలి ఉత్తరపారలో తయారగుచుండెను. 2014లో ఆ తయారీ నిలిచిపోయెను. ప్రీమియరు పద్మినియు అంతకుమునుపే నిలిచిపోయెను. ఇక మిగిలిన బండ్లను నిలుపుకొనవలసినవారు వాని యజమానులును, ఊరి మెకానిక్కులును. భాగములు దొరకుట నానాటికి కష్టమగుచున్నందున, మంచి భాగమును చెడినదని పాఱవేయుట ధననష్టమే గాక తిరిగి రాని వస్తునష్టమును అగును. పది నిమిషముల పరీక్ష ఆ నష్టమును తప్పించును.

విద్యార్థులారా! ఓము సూత్రము, లోహముల వ్యాకోచము, ద్రవములలో వస్తువులు తేలుట: ఈ మూడును మీ పుస్తకములలో వేర్వేఱు పాఠములుగా నున్నవి. ఆ కారు టాంకీలో మూడును ఒక్కచోటనే కూడియున్నవి. "ఇంతమాత్రము చాలు" అని పెద్దలు తృప్తిపడినచోట "ఏల?" అని యడిగిన బాలికవలన రెండవ దోషము బయటపడినది. ఆమె ప్రవేశపరీక్షలో కృతార్థురాలైనది. కళాశాలలో చేరు దినమున ఆ యంబాసిడరులోనే నెల్లూరు పోయినది. బయలుదేఱుటకు ముందు యజమాని ముల్లును చూచెను, నిండుగా నున్నది. పిమ్మట ఆయన తన చిన్న పుస్తకమునుగూడ తెఱచి చూచుకొనెను.